జపానును పరిశీలించిన విశ్వేశ్వరయ్య

గుడిబండెకు దక్షిణంగా, నందికొండల దాపున ముద్దేనహళ్లి అనే పల్లె ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ ఊరిలోనే జన్మించారు. వారి పూర్వులు ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుండి వలస వచ్చారు. ఆనకట్టల నిర్మాతగా ఆయన అందరికీ తెలుసు. ఒక దేశపు జీవనాన్ని శ్రద్ధగా పరిశోధించిన వ్యక్తిగా ఆయన కొందరికే తెలుసు.

బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, 1898లో, ఆయన జపానుకు వెళ్లారు. ఆ దేశంలో సాగుభూమి తక్కువ. ఖనిజసంపద కూడా తక్కువే. అయినా 1868లో మెయిజీ చక్రవర్తి పాలన ఆరంభమైన ముప్పై ఏళ్లకే అది పారిశ్రామిక దేశంగా ఎదిగింది. ఇది ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నతోనే ఆయన అక్కడి విద్యను, పరిశ్రమలను పరిశీలించారు.

జపాను 1872లోనే బాలబాలికలందరికీ ప్రాథమిక విద్య అందించాలని నిర్ణయించింది. విదేశీ నిపుణులను రప్పించి, పని నేర్చుకున్నాక తనవారినే ఆ పనుల్లో నియమించింది. విదేశీ గ్రంథాలను తన భాషలోకి అనువదించుకుంది. కొత్త శాస్త్రాలను పిల్లలకు ఇంటిభాషలోనే బోధించింది.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. ఆ కాలంలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. తరువాత ఆయన మళ్లీ జపానును, మరికొన్ని దేశాలను చూసివచ్చారు. 1920లో భారత పునర్నిర్మాణం గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రకటించారు. చదువుకున్నవారెందరు, ఉత్పత్తి ఎంత, ఆదాయమెంత అని అంకెలతో మన దేశాన్ని ఇతర దేశాలతో పోల్చారు. పొగడ్త కన్నా లెక్క మేలని ఆయన పద్ధతి తెలుపుతుంది.

అయితే జపాను కథకు రెండో వైపు కూడా ఉంది. పరిశ్రమలిచ్చిన బలంతో అది పొరుగుదేశాలను ఆక్రమించింది. 1910లో కొరియాను తనలో కలుపుకుంది. చివరకు 1945లో యుద్ధంలో ఓడి, ఎంతో నష్టపోయింది. చదువు, యంత్రం బలాన్నిస్తాయి. ఆ బలాన్ని దేనికి వాడాలో మనిషే నిర్ణయించుకోవాలి. పరాయిదేశాన్ని అధ్యయనం చేసేవారు దాని మంచిని గ్రహించాలి, తప్పును గుర్తించాలి.

ఆలోచించి చెప్పండి :
1. విశ్వేశ్వరయ్య ఏ ప్రశ్నతో జపానును పరిశీలించారు?
2. కొత్త శాస్త్రాలను సొంత భాషలో నేర్చుకుంటే కలిగే మేలు ఏమిటి?
3. మీ ఊరిని పొరుగూరితో పోల్చడానికి ఏయే లెక్కలు సేకరిస్తారు?