ఇల్లు వెంట వచ్చే యాత్ర

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో, సుమారు 50 ఏళ్ల వయసులో, మద్రాసు నుంచి కాశికి బయలుదేరారు. పల్లకీకి బోయీలను కుదుర్చుకొని, డేరాలు, వంటసామగ్రి వెంట తీసుకొని, మజిలీ మజిలీకీ ఇల్లు ఏర్పరచుకొన్నారు. 1831లో తిరుగు ప్రయాణం శ్రీకాకుళం, విజయనగరాల మీదుగా సాగింది. దారి దూరాలను, వసతులను ఆయన ఏనాటికానాడు రాసిపెట్టారు. ఆ రచన 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది.

నేడు పల్లకీ స్థానంలో అద్దె వాహనం వచ్చింది. పాశ్చాత్య దేశాలలో విశ్రాంత దంపతులు పడక, వంటగది అమరిన మోటారు వాహనాన్ని అద్దెకు తీసుకొంటారు. మన ప్రాంతంలో వృద్ధులు పలువురు కలిసి బస్సు మాట్లాడుకొని, వంటవానిని, పొయ్యిని, బియ్యం పప్పులను వెంట తీసుకెళతారు. అరసవల్లి, శ్రీకూర్మం, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం, విజయనగరం చేరువలోని రామతీర్థం ఒకే యాత్రలో దర్శిస్తారు.

అయితే రోజుకు ఎన్ని కిలోమీటర్లు, డ్రైవరు బత్తా, టోల్ రుసుము ఎవరివి అన్నవి ముందుగానే కాగితంపై రాయించుకోవాలి. మెట్ల ఎత్తు, మరుగుదొడ్డి వసతి, మందుల వేళలు గమనించి మజిలీలు నిర్ణయించాలి. పిల్లల తీరిక కోసం ఎదురుచూడక తమ దారిని తామే ఎంచుకోగలగడం ముదిమికి గౌరవం.

ప్రశ్న: వీరాస్వామయ్య యాత్రకు, నేటి వృద్ధుల బస్సు యాత్రకు గల పోలికలను వివరించండి.