నయాపూల్ మీద అడిగిన ప్రశ్న



సంక్రాంతి తర్వాత మా తరగతిని హైదరాబాద్ తీసుకుపోయారు. చార్మినార్ చూసి నడుచుకుంటూ నయాపూల్ దాకా వచ్చాం. కింద మూసీ. నల్లటి నీళ్ళు, ఒకటే వాసన. మా వాడొకడు ముక్కు మూసుకొనే అడిగాడు: "సార్, గీ మురికి ఏడ కలుస్తాంది?" సారు నవ్వి, "బడికి పోయినంక చెప్తా" అన్నారు. ఆయన చెప్పిందే ఈ పాఠం.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పోయి సముద్రంలో కలుస్తుంది. స్నానానికి పనికొచ్చే నీళ్ళలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. కానీ ఒక సీసాడు నీళ్ళు పరీక్షిస్తే ఆ ఒక్క చోటు సంగతే తెలుస్తుంది. మురికి ఎక్కడ మొదలైందో తెలియాలంటే చాలా చోట్ల, ఒకే సమయంలో కొలవాలి.

సముద్రంలో ఇది ఇంకా కష్టం. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు గుద్దుకొని నూనె ఒలికింది. అలలు, గాలి దాన్ని తీరం వెంట తోసుకుపోయాయి. అలాంటి నూనె ఎటు పోతుందో లెక్కకట్టే కేంద్రం 'ఇన్‌కాయిస్' సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే ఉంది!

ఇలాంటి చోట పనికొచ్చేదే డ్రోన్ల గుంపు. చిన్న డ్రోన్ బ్యాటరీ అరగంటకే అయిపోతుంది. అందుకే పదో ఇరవయ్యో కలిసి సముద్రాన్ని మడులుగా పంచుకొంటాయి. మన అడవిలో తేనెటీగ పూలు కనబడితే తుట్టెకు వచ్చి నాట్యం చేసి మిగతావాటికి దారి చెబుతుంది కదా! అట్లే ఒక డ్రోన్‌కు నూనె తెట్టు కనబడితే దగ్గరివాటిని పిలుస్తుంది. ఒకటి చెడిపోయినా పని ఆగదు. అయితే పైనుంచి కెమెరాకు రంగు, తెట్టు, వేడి కనబడతాయి గానీ కరిగిన ఆక్సిజన్ కనబడదు. దానికి నీళ్ళలో ముంచే పరికరం కావాలి.

మా దగ్గర డ్రోన్లు లేవు. మేమే గుంపు అయ్యాం! పన్నెండు మందిమి వాగు ఒడ్డున యాభై అడుగులకొకరం నిలబడ్డాం. సారు ఈల వేయగానే గాజు గ్లాసులో నీళ్ళు తీసుకొని, కింద 'అ' రాసిన కాగితం పెట్టి పైనుంచి చూశాం. ఆరో మనిషి వరకు అక్షరం స్పష్టం. ఏడో మనిషి దగ్గర మసక. ఆ ఇద్దరి మధ్య ఏముంది? మేం బట్టలు ఉతికే బండ! పదో మనిషి నిలబడ్డది కింది గూడెం వాళ్ళు నీళ్ళు ముంచుకొనే చోటు.

ఎవరూ మాట్లాడలేదు. మూసీని చూసి ముక్కు మూసుకున్నది మేమే.

ఇప్పుడు బట్టలు బోరు దగ్గర ఉతుకుతున్నాం. ఆ నీళ్ళు అరటి చెట్లకు పోతున్నాయి.

గుర్తుంచుకోండి: తేటగా ఉన్న నీళ్ళన్నీ మంచివి కావు. క్రిములు కంటికి కనబడవు. కాచి తాగండి. సెలవుల్లో మీ ఊరి వాగు కూడా ఇట్లనే కొలిచి, పటం గీసి తెండి. ఈ గోడ మీదే పెడదాం.