ఎందుకో అడిగితేనే తెలుస్తుంది



ఆసుపత్రి నుండి గానీ, ఆరోగ్య కేంద్రం నుండి గానీ ఎవరైనా మీ ఇంటికి వచ్చి, "దగ్గు మొదలైనప్పుడు ఏమనుకున్నారు? మొదట ఎవరి దగ్గరికి వెళ్ళారు?" అని అడగవచ్చు. "వైద్యం చేయక ఈ కబుర్లు ఎందుకు?" అని మీకు అనిపించవచ్చు. ఈ కబుర్లు కూడా వైద్యంలో భాగమే. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లెక్క వేరు, కారణం వేరు

మైలవరం మండలంలో ఎంతమంది క్షయ మందులు మధ్యలో మానేశారో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ఎందుకు మానేశారో రిజిస్టరులో ఉండదు. అది మానేసిన మనిషికే తెలుసు. నాపరాయి గనిలో పనిచేసే ఒకాయన దగ్గు తగ్గగానే జబ్బు పోయిందనుకొని ఉండవచ్చు. దొమ్మర నంద్యాలలో నేతపని చేసే ఒకరు, మగ్గం దిగి మందుల కోసం వెళితే ఆ రోజు కూలి పోతుందని ఆగి ఉండవచ్చు. మూత్రం ఎర్రగా రావడం చూసి, రక్తం పోతోందని ఒక తల్లి భయపడి ఉండవచ్చు. లెక్కలో ముగ్గురూ ఒకటే. కానీ ముగ్గురికీ చేయవలసిన సాయం వేరు. మనుషుల మాటలు విని, ఇలాంటి కారణాలు వెదికే పద్ధతిని గుణాత్మక పరిశోధన అంటారు.

తుమకూరు నేర్పిన పాఠం

పల్లెజనానికి జబ్బు సంగతి తెలియదు, అందుకే ఆసుపత్రికి రారు అని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. బెంగళూరులో 1959లో ప్రారంభమైన జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనువారు, మన రాష్ట్రాన్ని ఆనుకొని ఉన్న తుమకూరు జిల్లాలో క్షయ ఉన్నవారి ఇళ్ళకు మనుషులను పంపి అడిగించారు. ఆ వివరాలు 1963లో ప్రచురించారు. రోగులలో ఎక్కువమంది తమ ఒంట్లో బాగాలేదని గుర్తించినవారే! దాదాపు సగం మంది అప్పటికే వైద్యం కోసం వెళ్ళారు కూడా. అయితే చాలామందికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపివేశారు. అంటే లోపం రోగి దగ్గర మాత్రమే లేదు. దగ్గుతో వచ్చినవారికి, వారు వచ్చిన చోటనే కళ్ళె పరీక్ష చేయాలన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. వారు లెక్క కూడా వేశారు, మాట కూడా విన్నారు. రెండూ కావాలి.

ఎలా అడుగుతారు?

1. ఒక్కరితో విడిగా కూర్చొని తీరికగా మాట్లాడతారు.
2. ఎనిమిది, పదిమందిని కూర్చోబెట్టి చర్చ జరుపుతారు. జబ్బు పేరు బయటపడితే బాధపడే విషయాలు ఇక్కడ అడగరు.
3. ఆసుపత్రిలో వరుస ఎక్కడ ఆగుతోంది, ఎవరు వెనుదిరిగి పోతున్నారు అని గమనిస్తారు.

"మందులు రోజూ వేసుకుంటున్నారు కదా?" అంటే ఎవరైనా "ఆఁ" అంటారు. "నిన్న మందు వేసుకున్నాక ఎలా ఉండింది?" అంటే సంగతి బయటికి వస్తుంది. చెప్పినది చెప్పినట్టే రాసుకోవాలి. మధ్యలో తప్పుపట్టకూడదు. కొత్తగా ఎవరిని అడిగినా విన్న సంగతులే వస్తుంటే అప్పుడు ఆపుతారు. అందువల్ల కొద్దిమందితో మాట్లాడినా చాలా తెలుస్తుంది.

మీ హక్కులు

ఎవరు, ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి. మీ అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయకూడదు. మీ పేరు బయటపెట్టకూడదు. ఇష్టం లేకపోతే జవాబు చెప్పనక్కరలేదు. అందువల్ల మీకు అందే వైద్యం ఆగదు.

ఇంట్లో మీరు చేయగలిగినది

ఈ పద్ధతి మీకూ పనికి వస్తుంది. రోగి మందు మానేస్తే కోప్పడవద్దు. పక్కన కూర్చొని, "ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. విన్నది నర్సుకు గానీ డాక్టరుకు గానీ చెప్పండి.

గుర్తుంచుకోండి

* రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం.
* సాధారణ క్షయకు కనీసం 6 నెలలు మందులు వాడాలి. మధ్యలో మానితే జబ్బు మొండికెత్తి, ఆ మందులకు లొంగకపోవచ్చు.
* రిఫాంపిసిన్ మందు వల్ల మూత్రం ఎరుపు, నారింజ రంగులో వస్తుంది. అది రక్తం కాదు.
* కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి.