గ్రేట్ ఓషన్ రోడ్: అలలు చెక్కిన శిలలు, కంటికి కనిపించని ప్రవాహాలు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో చదువుకునే భారతీయ విద్యార్థుల్లో చాలామంది ఒక ప్రయాణం తప్పక పెట్టుకుంటారు. సెమిస్టర్ పరీక్షలు ముగిసిన వారాంతంలో నలుగురైదుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు. తెల్లవారకముందే పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు సర్దుకుని బయలుదేరతారు. వాళ్లు వెళ్లేది గ్రేట్ ఓషన్ రోడ్‌కు. ఒకవైపు కొండ, మరోవైపు సముద్రం, మధ్యలో మెలికలు తిరిగే సన్నని దారి.

ఎక్కువమంది ఫొటోల కోసమే వెళ్తారు. కానీ భూగర్భశాస్త్రం, సముద్రశాస్త్రం ఒకే రోజులో కళ్లెదుట కనిపించే దారి ఇది. ఆ శాస్త్రం కొంత తెలిసి వెళ్తే చూసినదానికి అర్థం తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా ఎక్కడ నిలబడకూడదో, ఎక్కడ నీళ్లలోకి దిగకూడదో తెలుస్తుంది.

సైనికులు వేసిన దారి

విక్టోరియా రాష్ట్రంలో టార్కే పట్టణం నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా ఈ రోడ్డు పొడవు సుమారు 240 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సుమారు 3,000 మంది సైనికులు దీని నిర్మాణంలో పాల్గొన్నారు. 1919లో మొదలైన పని 1932లో పూర్తయింది. అప్పట్లో పెద్ద యంత్రాలు లేవు. గునపాలు, పారలు, గుర్రపు బండ్లు, పేలుడు పదార్థాలతోనే కొండను తొలిచారు. యుద్ధంలో మరణించిన తోటివారి జ్ఞాపకార్థం దీన్ని అంకితం చేశారు.

కొండవాలును కోసి వేసిన రోడ్డు కాబట్టి మలుపులు ఎక్కువ. మలుపు తిరుగుతున్న కారును దారిలో పట్టి ఉంచేది టైర్లకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ బలం. మలుపులో అవసరమయ్యే ఈ బలం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని 60కి పెంచితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే, కావలసిన బలం మాత్రం రెండింతలకు పైగా పెరుగుతుంది. వాన పడితే ఘర్షణ తగ్గుతుంది. వేగ పరిమితి బోర్డుల వెనక ఉన్న లెక్క ఇదే.

ఒక్క రోజులో వెళ్లి వచ్చేవారికి అలసట మరో ప్రమాదం. ఆగుతూ చూస్తూ వెళ్లి మెల్‌బోర్న్ చేరేసరికి పన్నెండు గంటలు దాటవచ్చు. తిరుగు ప్రయాణంలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న డ్రైవరుకు మూడు సెకన్లు కునుకు పడితే కారు 80 మీటర్లకు పైగా దూరం డ్రైవరు లేనట్టే పోతుంది. చీకటిపడే వేళ కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి. డ్రైవింగ్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం, లేదా ఒక రాత్రి అక్కడే ఆగడం మంచిది.

అడవిలో గోండ్వానా జాడ

దారి మధ్యభాగంలో ఆట్‌వే కొండలు వస్తాయి. పడమటి నుంచి వచ్చే తేమగాలి ఈ కొండలను తాకి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, వానగా కురుస్తుంది. అందుకే ఇక్కడ దట్టమైన చల్లని వర్షారణ్యం పెరిగింది. మెయిట్స్ రెస్ట్ అనే చోట నాచు కప్పిన మర్టిల్ బీచ్ చెట్ల కింద నడవవచ్చు. ఈ చెట్టు జాతికి దగ్గరి బంధువులు న్యూజిలాండ్‌లోనూ దక్షిణ అమెరికాలోనూ ఉన్నాయి. వాటి శిలాజాలు మంచు కప్పిన అంటార్కిటికాలోనూ దొరికాయి. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి ఇదొక ఆధారం.

ఆ పాత మహాఖండం పేరు గోండ్వానా. మధ్యభారతంలోని గోండుల సీమ పేరు మీదే శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. భారతదేశం కూడా అందులో భాగమే. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు ఆ కాలపు మొక్కల నుంచే ఏర్పడింది. గ్లాసాప్టెరిస్ అనే మొక్క శిలాజాలు అటు ఆస్ట్రేలియాలోనూ, ఇటు భారతదేశంలోని గోండ్వానా శిలల్లోనూ దొరుకుతాయి. ఆదిలాబాద్ గోండుల భాషలో బంధుత్వాల మాటలు ఎన్నో ఉండవచ్చు, కానీ వారి పేరు పెట్టుకున్న ఈ నేల బంధుత్వం కోట్ల ఏళ్ల నాటిది.

ఆట్‌వే తీరంలోని ఇసుకరాళ్లు సుమారు పది కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికి ఆస్ట్రేలియా ఇంకా అంటార్కిటికాను పూర్తిగా వీడలేదు, దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. ఇక్కడి డైనోసార్ కోవ్‌లో నెలల తరబడి చీకటి ఉండే ప్రాంతంలో బతికిన చిన్న డైనోసార్ల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఒకటైన లీయెలినాసారాకు 1989లో పేరు పెట్టారు.

పన్నెండు కాని పన్నెండు

కొండలు దాటాక దృశ్యం మారిపోతుంది. ఇసుకరాయి స్థానంలో లేత పసుపు రంగు సున్నపురాయి కనిపిస్తుంది. కోటి నుంచి రెండు కోట్ల ఏళ్ల క్రితం సముద్రపు అడుగున పేరుకున్న గవ్వలు, సూక్ష్మజీవుల కవచాలు గట్టిపడి ఈ రాయి అయింది. ఇది మెత్తనిది, అడ్డంగా పొరలుపొరలుగా ఉంటుంది, నిలువుగా పగుళ్లూ ఉంటాయి.

అల వచ్చి కొట్టినప్పుడు పగులులో చిక్కిన గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతుంది. అల వెనక్కు తగ్గగానే ఆ గాలి వ్యాకోచిస్తుంది. రోజుకు వేలసార్లు ఇలా జరిగి పగులు వెడల్పవుతుంది, గుహ అవుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన కొండకు రెండు పక్కలా గుహలు తొలిచి కలిసిపోతే తోరణం ఏర్పడుతుంది. తోరణం పైకప్పు కూలితే సముద్రంలో ఒంటరి స్తంభం మిగులుతుంది. అలాంటి స్తంభాల వరుసే ప్రసిద్ధి చెందిన ట్వెల్వ్ అపోజిల్స్. పేరులో పన్నెండు ఉన్నా అన్ని స్తంభాలు లేవు. 2005 జులైలో వాటిలో ఒకటి క్షణాల్లో రాళ్లగుట్ట అయిపోయింది.

దానికి కొద్ది దూరంలో లండన్ బ్రిడ్జ్ అనే రెండు తోరణాల శిల ఉండేది. 1990 జనవరిలో తీరం వైపు తోరణం హఠాత్తుగా కూలిపోయింది. అవతలి కొసన చిక్కుకున్న ఇద్దరు సందర్శకులను హెలికాప్టర్‌లో తీసుకురావలసి వచ్చింది. ఎవరికీ గాయాలు కాలేదు. అంతకు కొద్దిసేపటి ముందే వాళ్లు దాని మీదుగా నడిచి వెళ్లారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కోత నిదానంగా సాగుతుంది, కూలడం మాత్రం ముందు చెప్పకుండా జరుగుతుంది. బయటికి గట్టిగా కనిపించే అంచు కింద బోలుగా ఉండవచ్చు. కంచె దాటి అంచున నిలబడి సెల్ఫీ తీసుకోవడం, కొండ పాదాన నీడలో కూర్చోవడం రెండూ ప్రమాదమే. విశాఖపట్నం–భీమిలి తీరంలో మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఆ అలలకు అంత బలం ఎక్కడిది?

అల ఎత్తు మూడు విషయాల మీద ఆధారపడుతుంది: గాలి వేగం, అది వీచే సమయం, అడ్డు లేకుండా అది ప్రయాణించే దూరం. దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దాటాక పడమటి గాలులు చాలా బలంగా వీస్తాయి. నావికులు ఆ ప్రాంతాన్ని 'గర్జించే నలభైలు' అంటారు. అక్కడ గాలిని ఆపే భూభాగం చాలా తక్కువ. ఆ గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు దాటి ఈ తీరాన్ని తాకుతాయి. 1878లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ వస్తున్న లాక్ ఆర్డ్ అనే ఓడ ఈ తీరంలో బద్దలైంది. అందులోని 54 మందిలో ఇద్దరే బతికారు.

తీరానికి చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పోవాలి. ఇసుకదిబ్బల మధ్య లోతైన సందు ఉంటే నీరంతా ఆ సందులోంచి వేగంగా వెనక్కు పారుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. చూసేవారిని ఇది మోసం చేస్తుంది. నీరు లోతుగా ఉండటం వల్ల అక్కడ అలలు విరగవు. రెండు పక్కలా తెల్లని నురగ ఉంటే మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివారు, పిల్లలు సురక్షితం అనుకుని దిగేది సరిగ్గా అక్కడే.

గట్టి రిప్ వేగం సెకనుకు 2 మీటర్లకు చేరగలదు. 100 మీటర్ల పోటీలో ప్రపంచస్థాయి ఈతగాళ్ల వేగం కూడా దాదాపు అంతే. కాబట్టి దానికి ఎదురీది ఒడ్డుకు రావాలనుకోవడం వృథా. రిప్ మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. ప్రాణం తీసేది ఎక్కువగా అలసట, భయం. చిక్కుకున్నవారు ముందు నీటి మీద తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి, చెయ్యెత్తి సాయం కోరాలి. ఓపిక ఉంటే తీరానికి సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటికి చేరాలి. ఒడ్డున ఉన్నవారు వెంటనే నీళ్లలోకి దూకకుండా తేలే వస్తువు ఏదైనా విసరాలి, సహాయానికి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఆస్ట్రేలియాలో 000, భారతదేశంలో 112. ఆస్ట్రేలియాలో జీవరక్షకులు కాపలా ఉన్న భాగాన్ని ఎరుపు-పసుపు జెండాలతో గుర్తిస్తారు. ఆ రెండు జెండాల మధ్యే ఈదాలి. జెండాలు లేని చోట దిగకూడదు.

అవే అలలు భారత తీరానికీ

దక్షిణ సముద్రాల్లోని తుపానులు లేపిన అలలు ఉత్తరానికి కూడా వస్తాయి. 16 సెకన్లకొకటి చొప్పున వచ్చే పొడవైన అలల శక్తి లోతైన సముద్రంలో గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో, అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. ఆరు వేల కిలోమీటర్ల అవతల తుపాను రేగితే ఐదారు రోజులకు అలలు ఇక్కడికి చేరతాయి. అప్పుడు ఇక్కడ గాలీ ఉండదు, మబ్బూ ఉండదు. కేరళ మత్స్యకారులు దీన్ని 'కళ్లక్కడల్' అంటారు. దొంగలా వచ్చే సముద్రం అని అర్థం.

అలలకు ప్రయాణకాలం ఉంది కాబట్టే ముందుగా హెచ్చరించడం సాధ్యమవుతుంది. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, ఈ హెచ్చరికలు జారీ చేస్తుంది. 2024 మే తొలివారంలో కూడా జారీ చేసింది. ఆకాశం నిర్మలంగా ఉంటే హెచ్చరికను నమ్మడం కష్టం. మే 6న కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచ్‌కు విహారానికి వెళ్లిన వైద్య విద్యార్థుల బృందంలో ఐదుగురిని అలలు బలిగొన్నాయి.

విహారయాత్ర మానుకోవాలని కాదు. టార్కేలో అయినా విశాఖ ఆర్కే బీచ్‌లో అయినా బయలుదేరే ముందు వాతావరణంతో పాటు సముద్ర హెచ్చరికలూ చూసుకోవాలి. ఒడ్డుకు చేరగానే ఫోన్ తీయకముందు పది నిమిషాలు నిలబడి నీటిని గమనించాలి: అలలు ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు, పెద్ద అలల గుంపు ఎంతసేపటికి వస్తోంది? కాసేపు ప్రశాంతంగా ఉన్న సముద్రంలో హఠాత్తుగా పెద్ద అలలు వరుసగా రావచ్చు. ఆ పది నిమిషాల గమనింపు వల్ల బృందంలోని ప్రతి ఒక్కరూ తిరిగి కారు ఎక్కే అవకాశం పెరుగుతుంది.