వాడేవాళ్లదే పేరు

కొట్టు తెరిచేటప్పుడు పేరు విషయంలో మనవాళ్లు చాలా శ్రద్ధ పెడతారు. జాతకం చూపించి మొదటి అక్షరం కుదుర్చుకుంటారు. అమ్మ పేరో, ఇలవేల్పు పేరో కలుపుతారు. మంచి ఆర్టిస్టుతో బోర్డు రాయిస్తారు. ఆ పేరు ఇప్పటికే ఇంకెవరి పేరు మీదైనా రిజిస్టరై ఉందేమో చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఏళ్ల తరబడి కష్టపడి పేరు నిలబెట్టాక, ఎక్కడివాళ్లో ‘ఈ పేరు మాది, వెంటనే ఆపెయ్యండి’ అంటూ లాయరు నోటీసు పంపుతారు. కాళ్లూ చేతులూ ఆడక కొందరు బోర్డే దింపేస్తారు.

దింపక్కర్లేని చోట కూడా దింపేస్తున్నారన్నదే నా బాధ. పేరును నిజాయితీగా, విడవకుండా వాడుకుంటున్నవాళ్ల వైపు ట్రేడ్‌మార్కుల చట్టం నిలబడుతుంది. రిజిస్ట్రేషన్ ఆ హక్కుకు బలమిస్తుంది. అన్యాయంగా ఎవరైనా మీ పేరు రిజిస్టర్ చేయించుకోబోతే అడ్డుకునే దారి ఉంది. రిజిస్టర్ చేసి వాడకుండా పడేసిన పేరును తొలగింపజేసే దారీ ఉంది. ఈ మూడు దారులూ పచ్చళ్లు పెట్టే ఇల్లాలికి ఎంతో, కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకీ అంతే. గడువులు తెలియకపోవడమే మనవాళ్లను దెబ్బ తీస్తోంది.

ఏ పేరు నిలుస్తుంది?

ఇప్పుడు అమల్లో ఉన్నది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. ఇది 2003 సెప్టెంబరు 15 నుంచి వర్తిస్తోంది. ఫారాలు, ఫీజులు, గడువుల వివరాలు 2017 నిబంధనల్లో ఉన్నాయి.

సరుకు గుణాన్నో, రకాన్నో, అది పుట్టిన ఊరినో చెప్పే మాటలను చట్టంలోని 9వ సెక్షన్ మామూలుగా ఒక్కరికే రాసివ్వదు. ‘స్వచ్ఛమైన నెయ్యి’, ‘గుంటూరు కారం’ లాంటి మాటలు అందరివీ. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు లాంటివాటికి భౌగోళిక గుర్తింపు అనే వేరే రక్షణ వచ్చింది. అది ఆ ప్రాంతంలో తయారుచేసేవాళ్లందరి ఉమ్మడి హక్కు. పవిత్ర గ్రంథాల పేర్లూ అంతే. అగరుబత్తీలకు ‘రామాయణ్’ అనే పేరును ట్రేడ్‌మార్కుగా ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. దేవుడి పేరొక్కటే పెట్టుకుంటే, అదే పేరుతో ఊరూరా వందల దుకాణాలుంటాయి కాబట్టి రేపు ఎవరినైనా ఆపడం కష్టం. సరుకుతో సంబంధం లేని మాట, లేదా మీరు కొత్తగా కూర్చుకున్న మాట అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది.

దరఖాస్తులో జరిగే పొరపాట్లు

ముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్లో వెతకండి. దానికి ఫీజు లేదు. మీ పేరు స్పెల్లింగుతో పాటు అలాగే పలికే మిగతా స్పెల్లింగులూ కొట్టి చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్లోనే దాఖలు చేయొచ్చు కాబట్టి దానికోసం చెన్నై వెళ్లక్కర్లేదు.

సరుకులను, సేవలను 45 క్లాసులుగా విభజించారు. 34 సరుకులకు, 11 సేవలకు. ఒక ఇల్లాలు ఆవకాయ, గోంగూర పచ్చడితో పాటు కారప్పొడులు కూడా ఒకే పేరు మీద అమ్ముతోందనుకుందాం. పచ్చళ్లు 29వ క్లాసు, కారాలూ మసాలాలూ 30వ క్లాసు. రేపు అదే పేరుతో మెస్సు పెడితే అది 43వ క్లాసు. టీఎం-ఏ అనే ఫారంలో ఆన్‌లైన్‌గా వేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఒక్కో క్లాసుకు ఫీజు 4,500 రూపాయలు. మిగతావాళ్లకు 9,000. అంటే ఆవిడ పచ్చళ్లకూ పొడులకూ కలిపి 9,000 కట్టాలి.

ఫారంలో రెండు గడులను మీ కళ్లతో మీరే చూసుకోండి. మొదటిది యజమాని పేరు. పొత్తు వ్యాపారంలో ఒక్క భాగస్వామి తన పేరు మీద వేసుకుంటే, విడిపోయిన రోజు మిగతావాళ్లు వీధిన పడతారు. రెండోది వాడకం మొదలైన తేదీ. ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నా, పాత బిల్లులు వెతికే ఓపిక లేక ‘ఇకముందు వాడబోతున్నాం’ అన్న గడిలో టిక్కు పెట్టించే ఏజెంట్లున్నారు. ఆ ఒక్క టిక్కుతో మీ పాత వాడకమంతా మీరే కాదన్నట్టవుతుంది. వాడకం తేదీ రాస్తే దానికి అఫిడవిట్, రుజువులు జతచేయాలి. కష్టమైనా అదే చేయించండి.

తర్వాత పరిశీలకుడు దరఖాస్తు చూసి అభ్యంతరాలుంటే రిపోర్టు పంపుతాడు. అది అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు లేకపోతే దరఖాస్తును వదిలేసినట్టు లెక్కగట్టే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది. రిపోర్టు వచ్చేది ఈమెయిల్‌కు. ఆ మెయిల్ చాలాసార్లు ఏజెంటుది. ఆయన ఆఫీసు మార్చినా, మీ మీద శ్రద్ధ తగ్గినా సంగతి మీదాకా రాదు. అందుకే దరఖాస్తు నంబరు మీ దగ్గర రాసిపెట్టుకుని, నెలకోసారి వెబ్‌సైట్లో దాని పరిస్థితి మీరే చూసుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ అక్షరం ఉండే గుర్తును రిజిస్టర్ అయ్యాకే వాడాలి. అంతకుముందే వేస్తే చట్టవిరుద్ధం.

నాలుగు నెలల కిటికీ

అభ్యంతరాలు తీరిన దరఖాస్తును ట్రేడ్‌మార్కుల జర్నల్లో ప్రచురిస్తారు. ఈ జర్నల్ ప్రతి వారం ఆన్‌లైన్లో వస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ప్రచురించిన తేదీ నుంచి నాలుగు నెలల్లోగా ఎవరైనా వ్యతిరేకత తెలపవచ్చు. ‘ఎవరైనా’ అన్న మాట చట్టంలోనే ఉంది. మీ పేరు రిజిస్టర్ అయి ఉండాలన్న షరతు లేదు. టీఎం-ఓ ఫారంలో కారణాలు రాసి, ఆన్‌లైన్‌గా క్లాసుకు 2,700 రూపాయలు కడితే చాలు. నాలుగు నెలలు దాటాక మాత్రం ఒక్క రోజు కూడా పొడిగించరు.

నోటీసు అందిన దరఖాస్తుదారు రెండు నెలల్లో జవాబు వేయాలి. వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. ఆ జవాబు అందాక వ్యతిరేకించినవాళ్లు రెండు నెలల్లో తమ సాక్ష్యాలు దాఖలు చేయాలి, లేదా నోటీసులో ఉన్నదే తమ సాక్ష్యమని రాసివ్వాలి. రెండూ చేయకపోతే వాళ్ల వ్యతిరేకత చెల్లదు. తర్వాత దరఖాస్తుదారు సాక్ష్యానికి రెండు నెలలు, తిరుగు సాక్ష్యానికి ఒక నెల, ఆపైన వాదనలు, తీర్పు. రిజిస్ట్రార్ తీర్పు నచ్చకపోతే మూడు నెలల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. ఇంతకుముందు ఈ అప్పీళ్లు వినే ప్రత్యేక బోర్డు ఉండేది. దాన్ని 2021లో రద్దు చేశారు.

పెద్ద సంస్థ వ్యతిరేకించిందంటే పని అయిపోయిందని అనుకోవద్దు. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి ‘నందిని’ పేరుతో పాలు అమ్ముతోంది. ఆంధ్రా భోజనానికి పేరుపడ్డ బెంగళూరు హోటళ్లు ‘నందిని డీలక్స్’ 1989లో మొదలయ్యాయి. హోటల్ వాళ్లు 29, 30 క్లాసుల్లో కొన్ని ఆహార పదార్థాలకు దరఖాస్తు పెడితే సమాఖ్య వ్యతిరేకించింది. రిజిస్ట్రీ హోటల్ పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పీళ్ల బోర్డు, కర్ణాటక హైకోర్టు సమాఖ్య పక్షం వహించాయి. చివరికి 2018 జులైలో సుప్రీంకోర్టు హోటల్ వాళ్లకే రిజిస్ట్రేషన్ నిలబెట్టింది. పాలు, పాల పదార్థాలు మాత్రం వాళ్ల జాబితాలో ఉండకూడదంది. రెండు గుర్తుల రూపం వేరు, సరుకులు వేరు, ఇద్దరి వ్యాపారమూ ఏళ్లుగా పక్కపక్కనే సాగుతోంది. ఈ సంగతులన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ కేసులోనూ పేరొక్కటే చూడరు. సరుకు, లేబుల్, కొనేవాళ్లు పొరబడే అవకాశం కూడా చూస్తారు.

వాడని పేరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, ఆపైన రెన్యువల్ చేసుకుంటూ పోవచ్చు. ఆన్‌లైన్‌గా క్లాసుకు 9,000 రూపాయలు. గడువు దాటినా ఆరు నెలల్లోపు అదనపు రుసుముతో రెన్యువల్ చేస్తారు. అయితే ఫీజు కట్టినంత మాత్రాన పేరు భద్రంగా ఉంటుందనుకుంటే పొరపాటు. రిజిస్టర్ చేసి వాడకుండా వదిలేసిన పేరు బీడు పడ్డ పొలం లాంటిది. దున్నుకోగలవాడికి అది అడ్డంగా ఉండకూడదని 47వ సెక్షన్ పెట్టారు.

దాని ప్రకారం రెండు సందర్భాల్లో తొలగింపు అడగొచ్చు. ఒకటి, వాడాలన్న నిజమైన ఉద్దేశం లేకుండానే రిజిస్టర్ చేయించుకుని, ఆ తర్వాతా వాడకపోవడం. రెండోది, పేరు రిజిస్టర్లోకి ఎక్కిన రోజు నుంచి వరసగా ఐదేళ్లు, అంతకన్నా ఎక్కువకాలం వాడకపోవడం. లెక్క ఇలా ఉంటుంది. ఒక పేరు 2019 జూన్ 1న రిజిస్టర్లోకి ఎక్కిందనుకోండి. దరఖాస్తు 2016లోనే పెట్టినా ఆ తేదీని ఇక్కడ చూడరు. ఐదేళ్లు 2024 జూన్ మొదట్లో నిండుతాయి. తొలగింపు దరఖాస్తుకు ముందున్న మూడు నెలలను లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి, 2024 సెప్టెంబరు నుంచి మీరు అడగొచ్చు. కేసు వస్తుందని పసిగట్టి, ఆ మూడు నెలల్లో హడావుడిగా నాలుగు ప్యాకెట్లు అమ్మి బిల్లు చూపిస్తే అది చెల్లదు.

వ్యతిరేకత ఎవరైనా తెలపవచ్చు కానీ, తొలగింపు అడగాలంటే ఆ రిజిస్ట్రేషన్ వల్ల మీకు ఇబ్బంది ఉండాలి. మీ దరఖాస్తుకు అది అడ్డురావడం, దాన్ని చూపి మీకు నోటీసు పంపడం అలాంటి ఇబ్బందులే. రిజిస్ట్రార్ దగ్గరైతే టీఎం-ఓ ఫారం, అదే 2,700 ఫీజు. హైకోర్టుకూ వెళ్లొచ్చు. ఉల్లంఘన దావా నడుస్తూ అందులో రిజిస్ట్రేషన్ చెల్లుబాటే వివాదమైతే మాత్రం హైకోర్టుకే వెళ్లాలి. అవతలివాళ్లకు ఒక మినహాయింపు ఉంది. చట్టపరమైన ఆంక్షల వంటి ప్రత్యేక పరిస్థితుల వల్ల ఆ వ్యాపారంలో వాడలేకపోయామని రుజువు చేస్తే తొలగించరు.

దీనికి మన హైదరాబాదుదే గొప్ప ఉదాహరణ ఉంది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ‘చార్మినార్’ పేరును తయారైన పొగాకు సరుకులన్నిటికీ రిజిస్టర్ చేయించుకుంది. తయారుచేసింది మాత్రం సిగరెట్లే. జర్దా, కివాం అమ్మే ఓ వ్యాపారి ఆ రిజిస్ట్రేషన్ను సిగరెట్ల వరకే కుదించమని కోరాడు. 1996లో సుప్రీంకోర్టు అతని వాదనను ఒప్పుకుంది. ఒకట్రెండు సరుకులే అమ్ముతూ, మిగతావి అమ్మే ఉద్దేశం లేకుండా ఆ వర్గమంతా తనదేనని పట్టుకుని కూర్చోవడం కుదరదంది. అది పాత చట్టం కింద వచ్చిన తీర్పే అయినా ఆ న్యాయం నేటికీ చెల్లుతుంది. కాబట్టి మీకు అడ్డొచ్చిన పేరు మొత్తం పోకపోయినా, యజమాని వాడని సరుకుల వరకు తీసేయమని అడగొచ్చు.

ముందు వాడినవాళ్ల హక్కు

రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారికి అన్నిటికన్నా పెద్ద అండ 34వ సెక్షన్. అవతలివాళ్ల వాడకం, వాళ్ల రిజిస్ట్రేషన్, ఈ రెంటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీరు ఆ పేరును విడవకుండా వాడుతుంటే వాళ్లు మిమ్మల్ని ఆపలేరు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద రెండు పక్షాలు పోట్లాడుకుంటే, ముందు నుంచి వాడుతున్నవాళ్ల హక్కు రిజిస్ట్రేషన్ కన్నా మిన్న అని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అదే ఏడాది మత్తు ఇంజెక్షన్ల కేసులోనూ ఇదే బాట పట్టింది. ‘రోఫోల్’ కంపెనీ 1992లో దరఖాస్తు పెట్టి, సరుకును 2004 దాకా బజారుకు తేలేదు. ‘ప్రొఫోల్’ 1998 నుంచే అమ్ముడవుతోంది. బజారులోకి ముందు వచ్చినవాళ్లకు అనుకూలంగా కింది కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును సుప్రీంకోర్టు నిలబెట్టింది.

ఈ హక్కులన్నీ కాగితం మీదే గెలుస్తాయి. పేరు కనిపించే బిల్లులు, జీఎస్టీ పత్రాలు, ఆహార లైసెన్సు, లేబుల్ ముద్రించిన ప్రెస్సు రసీదు, పత్రికలో వేసిన ప్రకటన, కొరియర్ చీటీలు ఏడాదివారీగా ఒక ఫైల్లో పెట్టండి. వాటిమీద తేదీ, పేరు రెండూ స్పష్టంగా ఉండాలి. ప్రతి ఏడాదికీ నాలుగైదు కాగితాలున్నా పదేళ్ల వాడకాన్ని చూపించగలరు.

నోటీసు వస్తే బోర్డు దింపకముందే నాలుగు సంగతులు కనుక్కోండి. వాళ్ల పేరు రిజిస్టర్ అయిందా, దరఖాస్తు దశలోనే ఉందా? ఏ క్లాసులో, ఏయే సరుకులకు? ఎప్పుడు రిజిస్టర్లోకి ఎక్కింది? ఆ సరుకులను వాళ్లు నిజంగా అమ్ముతున్నారా? ఆ జవాబులు, మీ ఫైలు పట్టుకుని ఈ చట్టం తెలిసిన వకీలు దగ్గరకు వెళ్లండి. తప్పు మీదైతే పేరు మార్చుకోవడమే ధర్మం. మీరే ముందు నుంచి వాడుతుంటే మాత్రం భయపడకుండా గడువులోగా జవాబివ్వండి. మీ చెమటతో నిలబడ్డ పేరును కాపాడుకునే హక్కు మీకు చట్టమే ఇచ్చింది.