రైతుల కంపెనీలో వాటాదారుని బాధ్యత ఎంతవరకు?

మాచవరం ప్రాంతపు రైతులు పదిమంది కూడి, ఎరువులు టోకున కొందమనీ, ప్రత్తి, మిరప కలిసి అమ్ముదమనీ తలచినపుడు ముందుగా పుట్టే సందేహము ఒకటున్నది. వ్యాపారము దెబ్బతిన్నచో అప్పులవారు నా పొలముమీదికి వత్తురా? ఈ సందేహము సహేతుకమైనదే.

1904 సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము ప్రకారము గ్రామసంఘములలో సభ్యుల బాధ్యత సాధారణముగా అపరిమితము. అనగా సంఘము తీర్చలేని బాకీకి సభ్యుడు తన సొంత ఆస్తితో జవాబు చెప్పవలెను. ఒకరి నడవడి ఒకరికి తెలిసిన చిన్న ఊరిలో ఈ పద్ధతివలన సంఘమునకు అప్పు పుట్టెడిది. కాని నాలుగెకరములున్న ఆసామి అందులో చేరుటకు జంకినచో తప్పుపట్టగలమా?

1964లో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము వచ్చినది. దానిలో పాలకవర్గమును రద్దుచేయు అధికారము కూడ ఉండుటచే పెత్తనము ప్రభుత్వమువైపు మొగ్గినది. ప్రభుత్వ వాటాధనము లేక, సభ్యులే తమ నిబంధనలు వ్రాసికొని నడుపుకొను సంఘములకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వీలు కల్పించినది. ఇట్టి చట్టము చేయుటలో దేశమున మన రాష్ట్రమే మొదటిది.

సహకార సంఘముల చట్టము రాష్ట్రము చేయునది. కంపెనీల చట్టము కేంద్రము చేయునది. వై.కె. అలఘ్ గారి సంఘము సిఫారసులమీద 1956 కంపెనీల చట్టమును 2002లో సవరించి ఉత్పత్తిదారుల కంపెనీకి చోటిచ్చిరి. 2020 సవరణతో ఈ నియమములు 2013 చట్టములో 21-ఎ అధ్యాయముగా చేరినవి. పదిమంది ఉత్పత్తిదారులు చాలును. సభ్యులందరు వ్యక్తులే అయినచో వాటాలెన్ని ఉన్నను మనిషికి ఒక్కటే ఓటు. డబ్బున్నవాడు కంపెనీని కొనివేయుటకు వీలులేదు.

ఇక బాధ్యత సంగతి. మీరు వెయ్యి రూపాయల వాటా తీసికొని ఆరువందలు చెల్లించితిరనుకొనుడు. కంపెనీ ఎంత అప్పులో మునిగినను మీరు ఇంకను చెల్లించవలసినది నాలుగువందలే. పూర్తిగా చెల్లించినచో ఏమియు లేదు. మీ ఎడ్లు, ఇల్లు, పొలము కంపెనీ బాకీకి తగులవు.

అయితే ఇచట ఒక మెలిక కలదు. అప్పిచ్చువారు డైరెక్టర్లను సొంత హామీ అడుగుట కద్దు. ఆ కాగితముమీద సంతకము పెట్టిననాడు చట్టమిచ్చిన రక్షణను ఆ మేరకు మీ చేతులతో మీరే వదలుకొన్నట్లే. ఎరువుల అరువు పత్రమైనను చదివించుకొని, కంపెనీ తరపున చేయు సంతకమేది, సొంత పూచీ ఏది అని విడదీసి అడుగుడు. తొందరపెట్టినచో మరునాడు రమ్మనుడు.

డైరెక్టర్లు అయిదుగురికి తగ్గరాదు, పదునైదుగురికి మించరాదు. ఊరిలో పెద్దరికమునకు పేరు ఇచ్చి ఊరకుండువారు గమనింపవలెను: వరుసగా మూడేండ్లు లెక్కలుగాని, వార్షిక నివేదికగాని రిజిస్ట్రారుకు దాఖలు కానిచో, ఆ డైరెక్టర్లు అయిదేండ్లపాటు ఏ కంపెనీలోను ఆ పదవికి పనికిరారు.

సరుకు అప్పగించిన రోజున పూర్తిధర చేతికి రాకపోవచ్చును. పాలకవర్గము కొంత నిలిపి, తరువాత నగదుగనో, వాటాలుగనో ఈయవచ్చును. ఎంత నిలిపిరో రసీదుమీద వ్రాయించుకొనుడు.

వాటాను బజారులో అమ్ముటకు వీలులేదు. పాలకవర్గపు అనుమతితో మరొక క్రియాశీల సభ్యునికి ముఖవిలువకే బదలాయింపవలెను. సభ్యుడైన మూడు నెలలలోగా, తన తదనంతరము వాటా ఎవరికి చెందవలెనో ఆ పేరు వ్రాసి ఈయవలెను. వ్రాతరానివారికి గ్రామోద్యోగులు ఈ కాగితము పూర్తిచేసి పెట్టుదురుగాక.