ముందు మెడ దగ్గర దూది

సికింద్రాబాద్,
ఆదివారం

అమ్మలూ,

పుణేలో ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్ చేస్తే ఎంత సంబరపడ్డానో, “సీపీయూని ఉన్నదున్నట్టు అట్టపెట్టెలో పెట్టి లారీకి వేసేస్తా మామయ్యా” అన్న నీ మెసేజ్ చూసి అంత హడలిపోయాను. పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇరవై ఏళ్లు మిషన్లు బిగించినవాడి మేనకోడలివి. వైజాగ్ నుంచి ఆ ఊరు చేరేలోపు దాన్ని ఎన్నిసార్లు ఎత్తి దించుతారో, ఎన్ని గోతుల్లో కుదుపుతారో ఆలోచించావా?

నేనూ ఒకసారి ఈ పొరపాటే చేశాను. రాజమండ్రి డాక్టరుగారికి ఒక మిషన్ పంపాను. నాలుగు చుట్లు బబుల్ షీట్, పైన అట్టపెట్టె, దాని మీద గోనెపట్టా కుట్టించాను. పెట్టె మీద చిన్న గీత కూడా పడకుండా చేరింది. తెరిచి చూస్తే లోపల కూలర్ ఊడి గ్రాఫిక్స్ కార్డు మీద పడి ఉంది. కార్డు తను కూర్చున్న స్లాటునే పెరుక్కుని వచ్చేసింది. రెండు రోజులు లారీవాళ్లను తిట్టాను. ఆ తరవాత తెలిసొచ్చింది, తప్పు నాదేనని.

సంక్రాంతి కొలువు ఎత్తేశాక మీ అమ్మమ్మ మట్టిబొమ్మలను ఎలా సర్దేదో గుర్తుందా? ముందు మెడ చుట్టూ దూది, చెయ్యి చాపిన బొమ్మకి చంకలో గుడ్డపీలిక, ఆ పైనే పాత నేతచీర. బొమ్మ విరిగేది మెడ దగ్గరేనని ఆవిడకి తెలుసు. కంప్యూటర్‌కి మెడలు రెండు. నిలబెట్టిన మదర్‌బోర్డు మీంచి బాల్కనీలా బయటికి పొడుచుకొచ్చిన కూలర్ ఒకటి, ఒక్క స్లాటునీ రెండు స్క్రూలనీ పట్టుకు వేలాడే గ్రాఫిక్స్ కార్డు ఇంకోటి. ఆ రెండూ విప్పాల్సిందే.

కార్డు విప్పేముందు స్లాటు చివర ఉండే చిన్న నొక్కుడు క్లిప్పు చూసుకో. దాన్ని నొక్కకుండా లాగితే విరిగేది అదే. కార్డుని యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, దాని సొంత పెట్టె అటక మీద ఉంటే అందులోనే పెట్టు.

కూలర్ దగ్గర మాత్రం తొందరపడకు. నీది ఏఎం4 సాకెట్, పిన్నులన్నీ ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. దానికీ కూలర్‌కీ మధ్యలో ఉన్న పేస్టు చల్లబడితే గట్టిగా పట్టేస్తుంది. అప్పుడు నిలువునా లాగావంటే ప్రాసెసర్ కూడా కూలర్‌కి అంటుకుని వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకని ఓ పావుగంట ఏదైనా గేమ్ ఆడి, మామూలుగా షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, వేడి ఆరకముందే స్క్రూలు వదులు చేసి కూలర్ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పు. పట్టు వదిలినట్టు చేతికే తెలుస్తుంది, అప్పుడు ఎత్తు. ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉండనీ. పుణేలో పాత పేస్టు తుడిచి, కందిగింజంత కొత్తది పెడితే చాలు.

స్క్రూలన్నీ చిన్న కవర్లో వేసి క్యాబినెట్ లోపలి గోడకి టేపుతో అంటించు. విప్పేముందు వైర్లకు నాలుగు ఫోటోలు తీసుకో. కార్డు, కూలర్ తీసిన ఖాళీలో గులాబీ రంగు యాంటీ స్టాటిక్ బబుల్ షీట్ వదులుగా కూరు. థర్మోకోల్ పూసలు వద్దు, ఫ్యాన్లలోకి చేరితే తరతరాలు ఏరుకోవాలి! ప్లగ్గు పెట్టే చోట “లోపలి సరుకు తీయకుండా స్విచ్ వెయ్యకు” అని రాసి అంటించు. నువ్వు మర్చిపోతావు, నాకు తెలుసు.

క్యాబినెట్ పక్కనున్న గాజుపలకని విడిగా తీసి, దుప్పట్ల మధ్య పెట్టుకుని నీతోనే తీసుకెళ్లు. ఆ గాజు మధ్యలో దెబ్బని ఓర్చుకుంటుంది గానీ, మూల కాస్త టైల్స్‌కి తగిలిందంటే క్షణంలో పలుకులైపోతుంది. హార్డ్ డిస్క్ కూడా విప్పి హ్యాండ్‌బ్యాగులో వేసుకో. అంతకన్నా ముందు అందులోవన్నీ ఇంకోచోట కాపీ చేసుకో. కార్డు పోతే కొనుక్కోవచ్చు, తాతయ్య ఫోటోలు ఏ దుకాణంలోనూ దొరకవు.

వానాకాలం కాబట్టి క్యాబినెట్‌కి ముందు పాలిథిన్ కవరు. దాని పెట్టెని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి, చుట్టూ కనీసం రెండంగుళాల మెత్త ఉండేలా చూడు. ఊపితే చప్పుడు రాకూడదు. మానిటర్‌ని దాని పెట్టెలోనే పెట్టు, పడుకోబెట్టనివ్వకు. యూపీఎస్ వద్దేవద్దు. లోపలుండే సీసం బ్యాటరీ రెండు కిలోల దిమ్మ, పక్కనున్నవాటిని పిండి చేస్తుంది. అక్కడే అమ్మేసి పుణేలో కొత్తది కొనుక్కో.

పార్సిల్ ఆఫీసులో “సొంతంగా వాడుకున్న వస్తువు, అమ్మకానికి కాదు” అని ఒక కాగితం, పాత బిల్లు జిరాక్సు ఇవ్వు. ఇన్సూరెన్స్ డబ్బుల దగ్గర పిసినారితనం వద్దు. పెట్టె చేరాక నొక్కులున్నాయేమో చూసుకుని, ఉంటే రసీదు మీద రాసి మరీ సంతకం పెట్టు.

పెట్టె మూసేముందు లోపలి ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపు. నేను చూసి సరే అన్నాకే టేపు వెయ్యి.

మామయ్య